ఆడియో పరికరం పాడైతే: రిపేరుకు ఇచ్చే ముందు నుంచి తెచ్చుకున్నాక చూసుకునే దాకా

"సౌండ్ సరిగ్గా రావట్లేదండీ, కాస్త చూడండి" అని చెప్పి యాంప్లిఫైయర్ ఇచ్చి వచ్చేస్తే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. అక్కడ ఆన్ చేస్తే గంటసేపు శుభ్రంగా పాడుతుంది. టెక్నీషియన్ మూత తీసి, దుమ్ము దులిపి, అనుమానం వచ్చిన ఒకటి రెండు భాగాలు మార్చి ఇచ్చేస్తాడు. ఇంటికి తెచ్చి పెట్టుకుంటే మళ్లీ అదే గరగర. అతనికి పని రాక కాదు, లోపం అతని ముందు ఒక్కసారి కూడా బయటపడలేదు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు షాపుకి వెళ్లకముందు మనం చేయాల్సిన పనికే ఇస్తున్నాను. మూత విప్పమనడం లేదు. లోపం ఏ పెట్టెలో ఉంది, ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే వస్తోంది అన్నది తేల్చుకుని కాగితం మీద రాసి ఇస్తే రిపేరు త్వరగా అవుతుంది, అనవసరపు ఖర్చు తప్పుతుంది.

అన్నిటికంటే ముందు: ఏ స్థితిలో ముట్టుకోకూడదు

పొగ, కాలిన వాసన, ముట్టుకుంటే షాక్, లోపల నీళ్లు పడటం. వీటిలో ఏది జరిగినా ప్లగ్గు పీకేసి పక్కన పెట్టండి, ఇంట్లో పరీక్షలేమీ వద్దు. "ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం" అనుకునే ఆ ఒక్కసారిలోనే చిన్న రిపేరు పెద్దదవుతుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయిన యాంప్, రక్షణ సర్క్యూట్ లేకపోతే, స్పీకర్లోకి నేరుగా డీసీ కరెంటు పంపుతుంది. కొద్ది సెకన్లలో స్పీకర్ వాయిస్ కాయిల్ (కోనును కదిలించే తీగచుట్ట) కూడా కాలిపోతుంది.

ఫ్యూజు పోతే అదే రేటింగు ఉన్నది ఒక్కసారి మార్చి చూడొచ్చు. ఆంపియర్ల అంకె ఒకటే కావడం చాలదు, దాని పక్కన ఉండే టీ లేదా ఎఫ్ అక్షరం కూడా కలవాలి. టీ అంటే నిదానంగా తెగేది, ఎఫ్ అంటే వెంటనే తెగేది. కొత్తది కూడా పోయిందంటే లోపల షార్టు ఉన్నట్టే, ఇక ఆపేయండి. పెద్ద ఫ్యూజు వేయడం, వైరు ముక్క చుట్టడం ఇల్లు తగలబెట్టుకునే పనులు.

బ్లూటూత్ స్పీకర్‌, వైర్‌లెస్ హెడ్‌ఫోన్ లాంటి వాటిలో బ్యాటరీ ఉబ్బి కేసు పగుళ్లిచ్చినట్టు కనిపిస్తే చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. లిథియం బ్యాటరీ ఒక్కసారిగా మండొచ్చు.

ప్లగ్గు తీసేశాం కదా అని యాంప్ మూత విప్పడం కూడా మంచిది కాదు. కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. వాల్వ్ యాంప్లలో అది 300 నుంచి 500 వోల్టుల దాకా ఉండొచ్చు. 230 వోల్టుల మెయిన్స్ మీద నడిచే స్విచింగ్ పవర్ సప్లైలో సుమారు 325 వోల్టులు ఉంటాయి. ఈ వోల్టేజీలను దించే పద్ధతి తెలిసినవాళ్లే లోపల చెయ్యి పెట్టాలి.

మొదటి మెట్టు: వారంటీ ఉందేమో చూడండి

స్క్రూడ్రైవర్ తీసుకోకముందే బిల్లు వెతకండి. వెనకవైపు మోడల్, సీరియల్ నంబర్ల ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. సీలు స్టిక్కర్ చింపితే చాలా కంపెనీలు పేచీ పెడతాయి. వారంటీ మిగిలి ఉంటే బయట రిపేరు జోలికి పోకండి, లోపం ఎంత చిన్నదైనా సరే.

రెండో మెట్టు: తప్పు ఏ పెట్టెలో ఉందో పట్టుకోండి

అసలు విషయం ఇదే. పాట ఫోన్ నుంచో ప్లేయర్ నుంచో బయల్దేరి, వైరులోంచి యాంప్‌లోకి, అక్కడి నుంచి స్పీకర్ వైరులోకి, చివరికి స్పీకర్‌కి చేరుతుంది. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా చెవికి ఒకేలా వినిపిస్తుంది. "స్పీకర్ పోయింది" అని స్పీకర్ మోసుకెళ్తాం, తీరా చూస్తే పోయింది వైరు.

స్టీరియోలో మనకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. ఒకేలాంటివి రెండు చానళ్లు ఉన్నాయి కాబట్టి బాగున్నదాన్ని పెట్టి బాగోలేనిదాన్ని పరీక్షించొచ్చు. మల్టీమీటర్ కూడా అక్కర్లేదు. ఎడమ స్పీకర్ పలకడం లేదనుకుందాం.

ముందుగా యాంప్ ఆపేసి, దాని వెనక స్పీకర్ వైర్లను కుడి ఎడమలు మార్చండి. మళ్లీ ఆన్ చేయండి. ఎడమ స్పీకరే ఇంకా మూగగా ఉంటే తప్పు ఆ స్పీకర్‌లోనో దాని వైరులోనో ఉంది. అలా కాకుండా ఇప్పుడు కుడి స్పీకర్ మూగబోయి ఎడమది పలికితే స్పీకర్లు రెండూ నిక్షేపంగా ఉన్నట్టే, తప్పు యాంప్‌లోనో అంతకు ముందో ఉంది. అప్పుడు స్పీకర్ వైర్లను యథాస్థానంలో పెట్టేసి, మళ్లీ ఆఫ్ చేసి, యాంప్ ఇన్‌పుట్ దగ్గర ఎరుపు, తెలుపు పిన్నులు తారుమారు చేయండి. నిశ్శబ్దం రెండో వైపుకి మారితే తప్పు వైరుది లేదా ప్లేయర్‌ది. మారకపోతే యాంప్‌దే. వైరా, ప్లేయరా అన్న అనుమానం మిగిలితే కొత్త వైరు పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఒకసారికి ఒకటే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. ఏం మార్చారో, ఏమైందో అక్కడికక్కడే రాసుకోండి.

దీనికి ముందే రెండు నిమిషాలు సెట్టింగుల మీద పెట్టండి. బ్యాలెన్స్ నాబ్ ఒక పక్కకి తిరిగి ఉండటం, స్పీకర్ ఏ, బీ బటన్ మారిపోవడం, టేప్ మానిటర్ బటన్ (టేప్ డెక్ నుంచి వచ్చేదే వినిపించేది) నొక్కి ఉండటం, ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఆడియో బ్యాలెన్స్ జరిగిపోవడం తరచుగా కనిపించేవే. స్టూడియో మైక్ పలకకపోతే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే మైకుకి పంపే కరెంటు) ఆన్‌లో ఉందో లేదో చూడండి, కండెన్సర్ మైకులకు సాధారణంగా అది లేనిదే నడవదు. బ్లూటూత్ వస్తువులకు పెయిరింగ్ తీసేసి మళ్లీ చేయడం, హోమ్ థియేటర్ రిసీవర్‌కి ఫ్యాక్టరీ రీసెట్ చేయడం కూడా ఈ దశలోనే అయిపోవాలి. రీసెట్‌కి ముందు పాత సెట్టింగులు ఫోటో తీసుకోండి.

స్పీకర్ మీద అనుమానం ఖాయమైతే, మల్టీమీటర్ ఉన్నవాళ్లు వైర్లు విప్పి టెర్మినళ్ల మధ్య రెసిస్టెన్స్ చూడొచ్చు. 8 ఓమ్‌ల స్పీకర్ సుమారు 6 చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3 పైచిలుకు. ఇందులో ఒక మెలిక ఉంది. ట్వీటర్‌కి (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కి) ముందు కెపాసిటర్ ఉంటుంది, అది మీటరు పంపే డీసీని ఆపేస్తుంది. కాబట్టి మీటరుకి కనిపించేది వూఫర్ (బేస్ పలికే పెద్దది) ఒక్కటే. ట్వీటర్ కాలిపోయినా అంకె మామూలుగానే వస్తుంది. ట్వీటర్ సంగతి చెవితోనే తేల్చాలి: తాళాల మోత, "స" శబ్దాలు రెండో స్పీకర్‌తో పోలిస్తే మందగించాయా అని వినండి.

మూడో మెట్టు: శబ్దం ఏం చెబుతోందో వినండి

వాల్యూమ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే నాబ్ లోపలి పట్టీ మీద మురికి చేరింది. ఎలక్ట్రానిక్స్ కోసం చేసిన కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కరెంటు లేకుండా నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు చాలాసార్లు తిప్పితే మామూలుగా పోతుంది. తుప్పు వదిలించే ఇంటి స్ప్రేలు వాడకండి. అప్పటికి బాగున్నట్టే ఉన్నా జిడ్డు మిగిలిపోయి దుమ్ము పడుతుంది.

ఆన్ చేయగానే ఒక చానల్ మూగగా ఉండి, వాల్యూమ్ కాస్త పెంచితే టప్పున పలికి, ఆ తర్వాత సన్నగా పెట్టినా బాగానే పాడుతుంటే దాదాపుగా అది స్పీకర్ రిలే పనే. యాంప్ ఆన్ చేసిన కొన్ని సెకన్లకి లోపల "టిక్" అని వినిపించేది దాని శబ్దమే. లోపల చిన్న లోహపు బిళ్లలు కలుసుకుంటేనే స్పీకర్‌కి దారి తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి వాడితే ఆ బిళ్లల ముఖాలు నల్లబడతాయి. సన్నని సిగ్నల్ ఆ నలుపును దాటలేదు, పెద్ద సిగ్నల్ దాటేస్తుంది. చవకైన భాగం, మార్చడం తేలిక. ఈ లక్షణం సరిగ్గా చెప్పకపోతే మాత్రం "ఔట్‌పుట్ సెక్షన్ పోయింది" అని పెద్ద రిపేరు కింద లెక్క కట్టే అవకాశం ఉంది.

హమ్మింగ్ వస్తుంటే ఇన్‌పుట్ వైర్లన్నీ పీకి చూడండి. ఆగిపోతే తప్పు యాంప్‌ది కాదు, రెండు పరికరాల ఎర్తింగులు కలిసి ఏర్పడే గ్రౌండ్ లూప్ కావచ్చు, లేదా వైరు షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగి ఉండొచ్చు. టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) అయితే దాని గ్రౌండ్ వైరు ఊడిందేమో చూడండి. అన్నీ పీకినా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా మోత మిగిలితే అనుమానం పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల మీదికి వెళ్తుంది. మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్నచోట గ్రౌండ్ లూప్ మోత సాధారణంగా అదే 50లో లోతుగా వినిపిస్తే, ఫిల్టర్ పాడైన మోత 100 హెర్ట్జ్‌లో కాస్త కరకుగా ఉంటుంది. మోత వదిలించుకోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు, ఆ పిన్ను ఉన్నది ప్రాణం కాపాడటానికి.

యాంప్ ప్రొటెక్షన్ అని చూపించి ఆగిపోతుంటే స్పీకర్ వైర్లన్నీ విప్పేసి ఆన్ చేయండి. నిలబడితే ఎక్కడో వైరు పోగొకటి పక్క టెర్మినల్‌కి తగులుతోంది, లేదా స్పీకర్ షార్టయింది. అప్పటికీ ఆగిపోతే లోపం లోపలిదే, మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా ఇచ్చేయండి.

హెడ్‌ఫోన్ ఒక చెవిలో వచ్చిపోతుంటే పాట పెట్టి, జాక్ దగ్గర నుంచి మొదలుపెట్టి వైరును కొద్దికొద్దిగా వంచుతూ వెళ్లండి. ఎక్కువగా జాక్‌కి ఆనుకుని, లేదంటే వైరు చెవి కప్పులోకి దూరే చోట తెగుతుంది. ఎక్కడ వంచితే పలుకుతుందో అక్కడ చిన్న టేపు ముక్క అతికించి ఇవ్వండి. వైరు ఊడదీసే రకమైతే కొత్త వైరు కొని చూడటమే మొదటి పని.

ఒక స్పీకర్ బేస్ వచ్చినప్పుడల్లా బర్రుమంటే ముందు గ్రిల్ తీసి కోను చుట్టూ ఉన్న అంచు చూడండి. ఫోమ్ అంచులు పాతబడితే వేలితో తాకగానే పొడిలా రాలిపోతాయి. అంతవరకే అయితే స్పీకర్ పారేయక్కర్లేదు, అంచు ఒక్కటీ కొత్తది అతికిస్తారు. అంచు బాగానే ఉంటే, రెండు చేతుల వేళ్లతో కోనును అన్ని వైపులా సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకున్న శబ్దం వస్తే వాయిస్ కాయిల్ పక్కకు జరిగింది.

క్యాసెట్ డెక్ నెమ్మదిగా తిరిగినా, పాట సాగినా మొదటి అనుమానం బెల్టు మీదే. పాత బెల్టులు కరిగి తారులా అంటుకుపోతాయి. సీడీ ప్లేయర్ డిస్కు చదవకపోతే లెన్సు మురికో, లేజర్ ముసలిదవడమో కారణం. ఆ లేజర్ 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, కంటికి దాదాపుగా కనిపించదు. వెలుగుతోందా అని మూత తీసి కన్ను పెట్టి చూడకూడదు.

నాలుగో మెట్టు: వచ్చిపోయే లోపాన్ని పట్టివ్వడం

ఎప్పుడూ ఉండే లోపం సులువు. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేదే అందరికీ టెన్షన్. ఇలాంటివాటికి చాలావరకు వేడి, కదలిక, రెండిట్లో ఒకటి కారణం. బోర్డు మీద టంకం సన్నగా పగిలి ఉంటే చల్లగా ఉన్నప్పుడు తగులుతూ, వేడెక్కి వ్యాకోచించగానే విడిపోతుంది. కొన్నిసార్లు దీనికి తలకిందులుగా, మొదట పలకదు, వేడెక్కాక పలుకుతుంది. కాబట్టి ఆన్ చేసిన సమయం, లోపం వచ్చిన సమయం రెండూ రాయండి. ఆ క్షణంలో వాల్యూమ్ ఎంత, ఏ ఇన్‌పుట్ మీద ఉంది, పెట్టె మీద మెల్లగా తడితే తేడా వస్తోందా, ఏ మూల తడితే వస్తోంది, ఇవన్నీ టెక్నీషియన్‌కి గంటల పని తగ్గిస్తాయి. వీలైతే ఫోన్‌తో వీడియో తీసి ఉంచుకోండి. షాపులో లోపం రానని మొరాయించినా చూపించడానికి ఉంటుంది.

ఇక రాయాల్సిన చీటీ. నా ఉద్దేశంలో ఇంతకంటే విలువైన పనిముట్టు లేదు. ఇలా ఉంటే చాలు:

"ఎడమ చానల్ సౌండ్ ఆన్ చేసిన 40 నిమిషాలకు తగ్గిపోయి గరగరమంటుంది. ఆపి పావుగంట చల్లారనిస్తే మళ్లీ బాగుంటుంది. అన్ని ఇన్‌పుట్లలోనూ ఇంతే. హెడ్‌ఫోన్ సాకెట్‌లో కూడా ఎడమవైపే ఈ లోపం వస్తుంది. స్పీకర్లు, వైర్లు మార్చి చూశాం, తేడా లేదు. పై మూత వెనక ఎడమ మూల తడితే ఒక్కోసారి సరవుతుంది. ఇంతకుముందు ఎవరూ విప్పలేదు."

ఇందులో ఏ భాగం మార్చాలో లేదు. అది మనం చెప్పాల్సింది కాదు. "కెపాసిటర్ మార్చండి" అని రాసి ఇస్తే కెపాసిటర్ మార్చి ఇస్తారు, లోపం అలాగే ఉంటుంది. ఇంతకుముందు ఎవరైనా విప్పి ఉంటే, కింద పడి ఉంటే, పిడుగుపాటుకి గురై ఉంటే దాచకుండా రాయండి.

ఐదో మెట్టు: ఎవరికి ఇవ్వాలి, ఏం అడగాలి

వారంటీలో ఉన్నవి, కొత్తగా వచ్చిన డిజిటల్ పరికరాలు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) కావాల్సినవి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వడం మేలు. అక్కడ సాధారణంగా బోర్డు మొత్తం మార్చేస్తారు. పాత యాంప్లు, స్పీకర్లు, టర్న్‌టేబుళ్లు, డెక్కులకు మాత్రం ఒక్కో భాగాన్ని కొలిచి చూసే విడి టెక్నీషియన్ ఎక్కువ పనికొస్తాడు. కంపెనీవాళ్లు "పార్టులు రావట్లేదు" అని తిప్పి పంపిన పాత యాంప్ ఇలాంటివాళ్ల చేతిలో మామూలు భాగాలతోనే లేచి కూర్చుంటుంది.

ఇచ్చేముందు ఇవి అడగండి. లోపం చూసినందుకు ఎంత, రిపేరు వద్దంటే ఆ మొత్తం ఇవ్వాలా? అంచనా చెప్పి మన ఒప్పుకోలు తీసుకున్నాకే పని మొదలుపెడతారా? ఈ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఉందా? తీసేసిన పాత భాగాలు తిరిగి ఇస్తారా? చేసిన పనికి ఎన్నాళ్లు గ్యారంటీ? మొహమాటపడాల్సిన పనేం లేదు, పని తెలిసినవాళ్లకి ఈ ప్రశ్నలు నచ్చుతాయి. విప్పకుండానే ఖచ్చితమైన మొత్తం చెప్పేసేవాళ్ల దగ్గర నాకు నమ్మకం కుదరదు.

యాంప్ ఔట్‌పుట్ పోయిన కేసుల్లో ఇంకో మాట అడగాలి: "ఎందుకు పోయిందో చూశారా?" ట్రాన్సిస్టర్ ఒక్కటి మార్చి, దాన్ని నడిపే డ్రైవర్, ఎమిటర్ రెసిస్టర్లు, బయస్ (పాట లేనప్పుడు అందులో పారే కరెంటు) చూడకుండా ఆన్ చేస్తే కొత్తది కూడా క్షణాల్లో పోతుంది. జాగ్రత్త ఉన్న టెక్నీషియన్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కి సిరీస్‌లో పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెడతాడు. షార్టు మిగిలి ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, పరికరం బతికిపోతుంది. బల్ల మీద ఆ బల్బు కనిపిస్తే సంతోషించండి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో నకిలీలు చాలా తిరుగుతున్నాయి, ముఖ్యంగా 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జంటలో. ఎక్కడ కొంటారని అడగడం తప్పు కాదు.

"పాతది కదా, కెపాసిటర్లన్నీ మార్చేద్దాం" అంటే వెంటనే తలూపకండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయే మాట నిజమే. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసి ఉన్నది, వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినకొద్దీ సుమారు రెట్టింపు కాలం బతుకుతుంది. అంటే హీట్‌సింక్ పక్కన ఉన్నవి త్వరగా పోతాయి, చల్లని మూలన ఉన్నవి దశాబ్దాలు నిలుస్తాయి. ముందు కొలవమనండి, పోయినవి మార్చమనండి.

అసలు రిపేరు చేయించాలా వద్దా? స్పీకర్లు, మంచి పాత యాంప్లు, టర్న్‌టేబుళ్లు దాదాపు ఎప్పుడూ చేయించదగ్గవే. జిగురుతో మూసేసిన చిన్న వైర్‌లెస్ ఇయర్‌బడ్లలో బ్యాటరీ పోతే, విప్పడంలోనే కేసు విరుగుతుంది, వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. హెచ్‌డీఎంఐ బోర్డు పోయిన రిసీవర్‌కి ఆ బోర్డు దొరుకుతుందో లేదో తెలిశాకే నిర్ణయించండి.

ఆరో మెట్టు: పంపడం, తెచ్చుకోవడం

పార్సిల్ చేసేదైతే పెట్టెలో పెట్టె పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ ఒక పక్కకే బరువు తూగుతుంది, ఆ మూలన ఎక్కువ మెత్త ఉండాలి. టర్న్‌టేబుల్ అయితే ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం), కౌంటర్‌వెయిట్ (సూది చేతి వెనక ఉండే బరువు) తీసి విడిగా చుట్టండి, సూదికి తొడుగు పెట్టండి, సూది చేతిని దాని క్లిప్పుకి కట్టేయండి. సింథసైజర్లు, డిజిటల్ మిక్సర్లలో మీ ప్రీసెట్లు ముందే యూఎస్‌బీలోకి తీసి పెట్టుకోండి, రిపేరులో మెమరీ చెరిగిపోవచ్చు. రిమోట్, అడాప్టర్ ఏమేం ఇచ్చారో రసీదు మీద రాయించుకోండి. పవర్ సమస్య అయితే అడాప్టర్ తప్పకుండా ఇవ్వాలి.

తెచ్చుకునేటప్పుడు చీటీలో రాసిన పరిస్థితి అక్కడే చూపించమనండి. 40 నిమిషాలకు వచ్చే లోపమైతే 5 నిమిషాలు పాడించి చూపిస్తే సరిపోదు, గంట కూర్చోవడానికి సిద్ధపడి వెళ్లండి. యాంప్ అయితే స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ ఎంత ఉందో కొలిచి చూపించమని అడగండి. సిగ్నల్ లేనప్పుడు 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిదే. 100 దాటితే కారణం అడగాలి. బిల్లు మీద "రిపేరు" అన్న ఒక్క మాట కాకుండా ఏ భాగాలు మార్చారో రాయించుకోండి.

ఇంట్లో మొదట పాత స్పీకర్లకి తగిలించి పాడించండి, మంచివి తర్వాత. అన్ని ఇన్‌పుట్లు, రెండు చానళ్లు, హెడ్‌ఫోన్ సాకెట్, రిమోట్ ఒక్కొక్కటిగా చూడండి. మొదటి వారం రోజూ కాసేపు వాడండి, అలా చేస్తే మిగిలిపోయిన లోపం ఏదైనా ఉంటే గ్యారంటీ గడువులోపే బయటపడుతుంది. పాత లోపమే మళ్లీ వస్తే పాత చీటీ, బిల్లు, వీడియో పట్టుకుని అదే షాపుకి వెళ్లండి. వేరేచోటికి తీసుకెళ్తే మొదటివాళ్ల గ్యారంటీ పోతుంది, రెండోవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతకాల్సి వస్తుంది.